గేర్ల మర్మము
లారీ, ట్రాక్టరు, కారు నడుపువారికొక పాఠము

దసరా పండుగ వెళ్లిన పిమ్మట ఆదోని పట్టణమునకు వచ్చు దారులన్నియు పత్తితో తెల్లబడును. కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున నల్లరేగడి భూములలో పండిన పత్తి ట్రాక్టర్లమీదను, లారీలమీదను, చిన్న సరకు బండ్లమీదను ఆదోని మార్కెట్ యార్డునకు చేరును. పత్తితోపాటు వేరుశనగ, ఆముదము కూడ అచ్చటికే వచ్చును. ఆలూరు నుండి ఆదోని, ఎమ్మిగనూరుల మీదుగా సాగి, మాధవరము వద్ద తుంగభద్రను దాటి రాయచూరు వైపు పోవు 167వ జాతీయ రహదారి ఈ దినములలో రాత్రింబవళ్లు సందడిగానుండును.

ఈ ప్రాంతమున ఒక తరము క్రిందట ఎద్దుల జోడును నడుపుట ఎట్లు నేర్చుకొనిరో, నేడు యువకులు ట్రాక్టరును, లారీని నడుపుట అట్లే నేర్చుకొనుచున్నారు. ఎద్దులను నడుపు విద్యను తండ్రి కొడుకునకు నేర్పెను. గేర్లు మార్చు విద్య మాత్రము చాలమందికి పక్క సీటులో కూర్చుండి చూచుటవలననే అబ్బినది. చూచి నేర్చినవానికి ఏది చేయవలెనో తెలియును; ఎందుకు చేయవలెనో తెలియదు. ఆ "ఎందుకు" తెలియనివాడు సమమైన దారిని సుఖముగానే నడుపును. మిట్ట ఎక్కునప్పుడు, పల్లము దిగునప్పుడు, బురదలో దిగబడినప్పుడు వాని లోపము బయటపడును. ఆ సమయమున బండిలో వాడొక్కడే యుండడు. పత్తి తీయుటకు పోయి వచ్చు ఆడకూలీలుందురు. గుంటూరు సీమకు మిరపకోతలకై వలసపోవు కుటుంబములుండును. కావున గేర్ల మర్మమును తెలిసికొనుట కేవలము యంత్రశాస్త్ర విషయము గాదు, ప్రాణరక్షణ విషయము.

రాట్నము చెప్పు పాఠము

గేరు అనగా నేమో తెలిసికొనుటకు ఎమ్మిగనూరు నేతగాని ఇంటికి పోయినచో చాలును. మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘమువలన పేరొందిన ఆ ఊరిలో, నూలు కండెలు చుట్టు రాట్నమును చూడని పిల్లవాడుండడు. రాట్నము చక్రము పెద్దది, కదురు చిన్నది. రెంటిని ఒక దారము కలుపును. చక్రము ఒక్కసారి తిరుగునప్పటికి కదురు అనేకసార్లు గిరగిర తిరుగును. అయితే తిరుగుచున్న కదురును వ్రేలి కొనతో ఆపవచ్చును. పెద్ద చక్రమును అట్లు ఆపుట కష్టము. అనగా వేగము పెరిగినచోట బలము తగ్గినది.

దీనిని తలక్రిందులు చేసి చూడుడు. చిన్న చక్రము పెద్ద చక్రమును త్రిప్పినచో వేగము తగ్గును, బలము పెరుగును. లారీ మొదటి గేరు ఇదియే. ఇంజనువైపున చిన్న పళ్లచక్రము, చక్రములవైపున పెద్ద పళ్లచక్రము. ఇంజను ఎన్నో చుట్లు తిరిగినగాని బండి చక్రము ఒక చుట్టు తిరుగదు. కాని ఆ ఒక్క చుట్టులో బరువును కదలించు శక్తి యుండును. పై గేరునకు పోయినకొలది వేగము హెచ్చును, లాగుడు తగ్గును. వేగమును, బలమును రెంటిని ఒకేసారి హెచ్చించు గేరు ఇంతవరకు ఎవరును కనిపెట్టలేదు; కనిపెట్టజాలరు కూడ. ఒకటి కావలెనన్న రెండవదానిని కొంత వదలుకొనవలెను.

ఎద్దునకు, ఇంజనునకు భేదము

ఎద్దుల బండికి గేర్లు లేవు గదా, మోటారు బండికేల యని కొందరడుగుదురు. ఎద్దు బరువును బట్టి నడకను తానే మార్చుకొనును. మిట్ట వచ్చిన మెల్లగా, కాడిపై మెడ వంచి, శక్తినంతయు కూడదీసికొని లాగును. డీజిలు ఇంజను అట్లు చేయలేదు. అది నిమిషమునకు కొన్ని వందల చుట్లకు తక్కువగా తిరిగినచో ఆగిపోవును. మధ్యస్థమైన వేగముతో తిరుగునప్పుడే దాని లాగుడు బాగుండును. అంతకు మించి త్రిప్పినచో డీజిలు వ్యర్థమగును, ఇంజను అరుగును.

వెనుకటి ఆవిరి రైలింజను నిలిచియున్న చోటనుండియే పూర్తి బలముతో లాగగలిగెడిది. దానికి గేర్లు అక్కరలేకపోయెను. నేటి విద్యుత్తు కార్లలో చాలవానికి పలు గేర్లు లేకపోవుటకు కారణము కూడ ఇట్టిదే. డీజిలు ఇంజనునకు ఆ గుణము లేదు. కావున ఇంజను తన కనువైన వేగముననే తిరుగుచుండగా, బండి మెల్లగానో వడిగానో పోవుటకు నడుమ ఒక మధ్యవర్తి కావలెను. ఆ మధ్యవర్తియే గేరు పెట్టె.

కొంచెము లెక్క

ఈ విషయము లెక్క వేసిన స్పష్టమగును. ఒక లారీలో ఇంజను నిమిషమునకు 1800 చుట్లు తిరుగుచున్నదనుకొందము. మొదటి గేరులో ఇంజను 6 చుట్లకు గేరు పెట్టె వెలుపలి ఇరుసు 1 చుట్టు తిరుగుననియు, వెనుక ఇరుసునందలి పళ్లచక్రములు దానిని ఇంకను 5వ వంతునకు తగ్గించుననియు అనుకొందము. అప్పుడు బండి చక్రము నిమిషమునకు 60 చుట్లు, అనగా సెకండునకు ఒక చుట్టు తిరుగును. టైరు చుట్టుకొలత సుమారు 3 మీటర్లయిన, బండి సెకండునకు 3 మీటర్లు, గంటకు సుమారు 11 కిలోమీటర్లు పోవును. ఇంజను వేగము మారకుండనే, తగ్గింపు లేని పై గేరులో అదే బండి గంటకు సుమారు 65 కిలోమీటర్లు పోవును. వేగము ఆరు రెట్లయినది. చక్రమును త్రిప్పు బలము ఆరవ వంతయినది.

ఇక ఈ రెండు కొనల నడుమ మెట్లు ఎన్ని యుండవలెను? మొత్తము నాలుగే గేర్లున్నచో ఒక్కొక్క మెట్టు ఎత్తుగా నుండును. 1800 చుట్ల వద్ద పై గేరు వేసినచో ఇంజను 1000 చుట్లకు పడిపోవును. బరువు తక్కువైన బండికి అది చాలును. పూర్తి బరువుతో మిట్ట ఎక్కు లారీకి అది చాలదు; ఇంజను గుక్కతిప్పుకొనలేక వణకును. అవే కొనల నడుమ ఎనిమిది గేర్లున్నచో మెట్లు చిన్నవగును. గేరు మార్చినప్పుడు ఇంజను 1800 నుండి సుమారు 1400 చుట్లకు మాత్రమే దిగును; బలముగల స్థానము విడువదు. ముసలివారు ఎక్కు గుడిమెట్లు పొట్టిగా నుండవలెనన్న న్యాయమే ఇచ్చటను వర్తించును. బరువు మోయువానికి మెట్టు చిన్నదిగా నుండవలెను.

పలు గేర్ల బండ్లు

1954వ సంవత్సరమున జంషెడ్‌పూరులో టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజి సహకారముతో లారీలు తయారు చేయ మొదలిడిరి. 1955లో మదరాసున అశోక్ లేలండు ఏర్పడెను. ఆనాటి లారీలకు నాలుగైదు గేర్లే యుండెను. నేడు బరువైన బహుళ ఇరుసుల లారీలలో తొమ్మిది గేర్ల పెట్టెలు సాధారణమైనవి. పేరునకు తొమ్మిదియైనను, వీనిని గుర్తుంచుకొనుట కష్టము గాదు. మిక్కిలి బరువుతో కదలుటకు ఒక ప్రాకుడు గేరు. క్రింది వరుసలో 1 నుండి 4 వరకు. పై వరుసలో 5 నుండి 8 వరకు. అవే నాలుగు స్థానములు రెండు వరుసలలో మరల వచ్చును. కొన్ని బండ్లలో కర్ర తలపై నున్న చిన్న మీటవలన వరుస మారును. మరికొన్నింటిలో కర్రను ప్రక్కకు నెట్టుటవలన మారును.

ఈ యేర్పాటు పల్లెవారికి క్రొత్తది గాదు. ట్రాక్టరులో నాలుగు గేర్లకు తోడుగా హెచ్చు, తగ్గు అను రెండవ కర్ర యుండుట అందరెరిగినదే. నాలుగును రెండింట గుణించిన ఎనిమిది ముందు గేర్లు, వెనుకకు రెండు. ఎనిమిది గేర్ల ట్రాక్టరు నడుపు రైతుబిడ్డ తొమ్మిది గేర్ల లారీని చూచి జంకనక్కరలేదు. అయితే భేదమొకటి కలదు. ట్రాక్టరులో హెచ్చు తగ్గుల కర్రను బండి నిలిపియే మార్చవలెను. లారీలో నడకయందే మార్చవచ్చును.

లారీ వరుస మార్చునప్పుడు ఒక జాగ్రత్త అత్యవసరము. బండి వేగముగా పోవుచుండగా పై వరుస నుండి క్రింది వరుసకు పొరపాటున దింపినచో, చక్రములే ఇంజనును దాని హద్దు మించి త్రిప్పును. క్లచ్చి పలక పగులవచ్చును, ఇంజను చెడిపోవచ్చును. బండి వేగము తగినంత తగ్గిన పిమ్మటనే క్రింది వరుసకు రావలెను.

రెండుసార్లు క్లచ్చి త్రొక్కుట

పాతకాలపు డ్రైవర్లు గేరు మార్చునప్పుడు క్లచ్చిని రెండుసార్లు త్రొక్కుట చూచియుందురు. అది అలవాటు మాత్రమే గాదు. దానికి కారణము కలదు. వేర్వేరు వేగములతో తిరుగుచున్న రెండు పళ్లచక్రములను బలవంతముగా కలిపినచో పళ్లు ఒరసికొని గరగరలాడును. పరుగెత్తు బండిని ఎక్కువాడు బండితో సమముగా పరుగెత్తినగాని ఎక్కలేడు. పళ్లచక్రముల సంగతియు అంతే.

పై గేరునకు పోవునప్పుడు: క్లచ్చి త్రొక్కి, గేరును న్యూట్రలునకు తెచ్చి, క్లచ్చి వదలి, ఇంజను వేగము కొంచెము దిగనిచ్చి, మరల క్లచ్చి త్రొక్కి పై గేరు వేయవలెను.

క్రింది గేరునకు వచ్చునప్పుడు: క్లచ్చి త్రొక్కి, న్యూట్రలునకు తెచ్చి, క్లచ్చి వదలి, యాక్సిలరేటరును కొంచెము త్రొక్కి ఇంజను వేగము పెంచి, మరల క్లచ్చి త్రొక్కి క్రింది గేరు వేయవలెను. క్రింది గేరులో ఇంజను హెచ్చుగా తిరుగవలసియుండును గనుక ఆ వేగమును ముందే ఇచ్చుచున్నాము. పై లెక్కలో 1400 చుట్ల వద్ద గేరు దింపినచో, క్రింది గేరులో ఇంజను సుమారు 1800 చుట్లు తిరుగవలెను.

1928లో అమెరికాలోని కాడిలాకు కార్లలో వేగములను తానే సమపరచు గేరు పెట్టె మొదట వచ్చెను. అందలి చిన్న శంకువువంటి ఉంగరములు ఒకదానినొకటి ఒరసికొని, పళ్లు కలియుటకు ముందే చక్రముల వేగమును సమము చేయును. నేటి కార్లన్నింటను, పెక్కు లారీలలోను ఇట్టి యేర్పాటుండుటచే క్లచ్చిని ఒక్కసారి త్రొక్కినను చాలును. అయినను ఆ ఉంగరములు కూడ అరుగునవే. క్రింది గేరు వేయునప్పుడు కొంచెము యాక్సిలరేటరు నిచ్చువాని గేరు పెట్టె చిరకాలము మన్నును.

దిగుడులో న్యూట్రలు: ప్రాణాపాయము

ఈ పాఠమునందు మిక్కిలి ముఖ్యమైన భాగమిది. డీజిలు మిగులునను ఆశతో పల్లము రాగానే గేరును న్యూట్రలు చేసి బండిని జారవిడుచువారు పలువురు కలరు. ఈ ఆశ నిజము కాదు. గేరులోనే యుంచి యాక్సిలరేటరు నుండి కాలు తీసినచో చక్రములే ఇంజనును త్రిప్పును. నేటి ఇంజనులలో, ముఖ్యముగా 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 ప్రమాణముల బండ్లలో, అప్పుడు డీజిలు సరఫరా నిలిచిపోవును. న్యూట్రలులోనున్న ఇంజను ఆగిపోకుండుటకే డీజిలు త్రాగుచుండును. అనగా న్యూట్రలు చేసినవాడు డీజిలును మిగుల్చుకొనలేదు; ఇంజను యొక్క పట్టును పోగొట్టుకొనెను.

ఆ పట్టు ఎంత విలువైనదో చూడుడు. మొత్తము 16 టన్నుల బరువుగల లారీ 100 మీటర్ల ఎత్తునుండి దిగినప్పుడు, 50 లీటర్ల చన్నీటిని మరిగించుటకు చాలినంత శక్తిని ఎక్కడనో వదలిపెట్టవలెను. క్రింది గేరులో దిగినచో ఇంజను అందులో పెద్ద భాగమును భరించును. న్యూట్రలులో దిగినచో ఆ భారమంతయు బ్రేకులమీదనే పడును. బ్రేకులు కాలి, పట్టు తగ్గును. కాలుకొలది ఇంకను గట్టిగా త్రొక్కవలసి వచ్చును. త్రొక్కుకొలది ఇంకను కాలును. కడపట పెడలు పూర్తిగా దిగియున్నను బండి ఆగదు. అప్పుడు గేరు వేయబోయినను వేగము మించిపోవుటచే గేరు పడదు. జారుచుండగా ఇంజను ఆగిపోయెనా, గాలి బ్రేకులకు గాలినందించు పంపు నిలిచిపోవును; స్టీరింగు బరువెక్కును.

ఆదోని కొండలు ఊరి ప్రక్కనేయున్నను, మన రహదారులు చాలవరకు మైదానములే. కాని ఇచ్చటి బండ్లు ఇచ్చటనే తిరుగవు. ఆత్మకూరు దాటి దోర్నాల దారిన నల్లమల అడవిలో ఎక్కుచు దిగుచు గుంటూరు వైపు పోవు బండ్లు గలవు. మైదానమున అబ్బిన న్యూట్రలు అలవాటు ఘాటులో ప్రాణము తీయును. కావున పెద్దలు చెప్పు సూత్రమును మరువరాదు: ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే, లేదా దానికంటె ఒక గేరు తక్కువలో దిగవలెను. ఆ గేరును దిగుడు మొదలుకాక ముందే వేసికొనవలెను. దిగుట ప్రారంభమైన పిమ్మట క్లచ్చి త్రొక్కరాదు. క్లచ్చి త్రొక్కియుంచుటయు న్యూట్రలే.

ట్రాక్టరు నడుపువారికి

ట్రాక్టరు ట్రాలీలలో పెక్కింటికి స్వంత బ్రేకులుండవు. పల్లమున ట్రాలీ బరువు ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. డ్రైవరు హఠాత్తుగా బ్రేకు త్రొక్కినచో ట్రాలీ ప్రక్కకు మళ్లి ట్రాక్టరును పడద్రోయును. దీనికి మందు ఒక్కటియే: ముందుగనే తక్కువ గేరులోనికి వచ్చి మెల్లగా దిగుట.

ఇంకొక సంగతి. ట్రాక్టరునకు కుడి ఎడమ చక్రములకు వేర్వేరు బ్రేకు పెడళ్లుండును. అవి పొలములో మలుపు త్రిప్పుటకు ఏర్పడినవి. రోడ్డెక్కుటకు ముందు ఆ రెండు పెడళ్లను కొక్కెముతో కలిపివేయవలెను. కలుపక ఒక్కదానిని త్రొక్కినచో ఒక్క చక్రమే ఆగి బండి తిరుగబడును. ఒక్క నిమిషము పట్టని ఈ పనిని మరచుటవలన ట్రాలీలో కూర్చున్నవారి ప్రాణము పోవచ్చును.

నల్లరేగడి బురద

వాన కురిసినప్పుడు మన రేగడి బంకవలె అంటుకొనును. బురద ఎదురైనప్పుడు లోపలికి పోకముందే తక్కువ గేరు వేసికొని, యాక్సిలరేటరును సమముగా పట్టి, ఆగకుండ దాటవలెను. నడుమ గేరు మార్చినచో ఆ క్షణకాలములోనే బండి నిలిచిపోవును. చక్రము తిరుగుచు బండి కదలకున్నచో ఇంకను త్రొక్కరాదు; చక్రము గొయ్యి త్రవ్వుకొనును. అట్టిచో ఒక గేరు పైదానితో మెల్లగా కదలింప ప్రయత్నింపవలెను. బలము కొంత తగ్గుటచే చక్రము జారక నేలను పట్టుకొనును. రైలు గేటు దాటునప్పుడును ఈ సూత్రమునే పాటింపవలెను. పట్టాలమీద గేరు మార్చరాదు. ముందే తగిన గేరులోనికి వచ్చి ఒక్క ఊపున దాటవలెను.

కార్లు నడుపువారికి

నేటి కార్లకు అయిదారు గేర్లుండును. పై గేరు సమమైన రహదారిపై డీజిలు, పెట్రోలు మిగుల్చుటకు ఏర్పడినది. ముందున్న బండిని దాటుటకు గాదు. దాటవలసినప్పుడు ముందుగా ఒక గేరు తగ్గించి, ఇంజను బలము చేతికి వచ్చిన పిమ్మటనే ప్రక్కకు రావలెను. పై గేరులోనే త్రొక్కుచు దాటబోయినవాడు ఎదుటి బండికి ఎదురుగా చాలసేపు నిలిచియుండును. క్లచ్చి పెడలుపై కాలు మోపియుంచుటయు, మిట్టపై బ్రేకునకు బదులు సగము క్లచ్చితో బండిని నిలుపుటయు మానవలెను. రెంటివలనను క్లచ్చి పలక కాలిపోవును.

లైసెన్సు విషయము

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణా వాహనము నడుపుటకు 20 సంవత్సరముల వయస్సు నిండవలెను. భారీ లారీ లైసెన్సు కోరువాడు అంతకు ముందు కనీసము ఒక సంవత్సరము తేలిక వాహనముల లైసెన్సు కలిగియుండవలెను. మొత్తము బరువు 7,500 కిలోలు మించని రవాణా బండిని తేలిక వాహనముల లైసెన్సుతో నడుపవచ్చునని సుప్రీము కోర్టు 2024 నవంబరు 6వ తేదీన తీర్పు చెప్పినది. ఇది చిన్న సరకు బండ్లవారికి మేలు. అయితే లైసెన్సు అనుమతి మాత్రమే. నేర్పునకు బదులు కాదు. సరకు బండిలో కూలీలను ప్రయాణికులవలె ఎక్కించుట ఏ లైసెన్సుతోను చెల్లదు.

గేరు మార్చుట చేతి పని వలె కనబడును. నిజమునకు అది ముందుచూపు పని. మిట్ట కనబడినప్పుడే, పల్లము రాకముందే, బురదలో దిగకముందే నిర్ణయించుకొనువాడే మంచి డ్రైవరు. అట్టివాని బండి ఎక్కినవారు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరుదురు.

అభ్యాసము

గ్రామ గ్రంథాలయములందును, యువజన సంఘములందును ఈ క్రింది ప్రశ్నలను చర్చించుకొనదగును.

1. రాట్నము చక్రమునకు, కదురునకు గల సంబంధమును బట్టి మొదటి గేరు బలమును వివరింపుడు.
2. బరువైన లారీకి నాలుగు గేర్లకంటె ఎనిమిది గేర్లు ఏల మేలు?
3. క్రింది గేరు వేయుటకు ముందు ఇంజను వేగమును ఏల పెంచవలెను?
4. దిగుడులో న్యూట్రలు చేసిన డీజిలు మిగులునా? కారణము చెప్పుడు.
5. ట్రాక్టరును రోడ్డెక్కించుటకు ముందు బ్రేకు పెడళ్లను ఏమి చేయవలెను? మీ ఊరి ట్రాక్టర్లలో ఎన్నింటికి ఆ కొక్కెము సరిగా నున్నదో నేడే చూచి రండు.